ముందు నీ చెయ్యి

“ముందు నీ చెయ్యి ఇవ్వక్కా,” అన్నాడు తమ్ముడు, రక్తపోటు యంత్రం పట్టీ విప్పుతూ.

“జబ్బు నీకా, నాకా?” అంటూనే అక్క చేయి చాపింది. రోజూ సాయంత్రం జరిగే తంతే అది.

“బరువు తెలిసిన తూకపురాయి వేసి చూడందే త్రాసు నిజం చెబుతోందో లేదో ఎలా తెలుస్తుంది? నువ్వు నిక్షేపంలా ఉన్నదానివి. నా రాయివి నువ్వే.”

“రాయినే. అందుకే ఈ ఇంట్లో కదలకుండా పడి ఉన్నాను.”

దుకాణాల త్రాసులు సరిచేయడం అతని వృత్తి. ఆ చాదస్తాన్ని ఇంటికీ మోసుకొచ్చాడు. అంకెలు కనిపించే వైపును తనవైపు తిప్పుకుని, ఆమె చేతిని అవసరానికి మించి పట్టుకునేవాడు. “ఎంతరా?” అని అడిగితే, “చూసేది మేస్త్రీ, రాయి కాదు,” అని నవ్వేవాడు. ఆ తరువాత తన చేతికి పట్టీ చుట్టుకుని, ఇలా చూసి అలా విప్పేసేవాడు.

వాళ్ళ వంశంలో తల పూర్తిగా నెరిసిన మగవాడు లేడు. తాతకు గుండె ఆగింది. పెదనాన్నకు మెదడులో నరం చిట్లింది. తండ్రైతే జబ్బు పేరు విన్ననాడే మంచం పట్టి, మరి లేవలేదు. ఆయన పోయాక, ఆయనకు వైద్యం చేసిన డాక్టరమ్మ పిల్లలిద్దరినీ పిలిపించింది. మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయనీ, ఒంట్లో ఉప్పును పట్టి ఉంచే హార్మోను వాటిలో ఊరుతుందనీ, ఈ ఇంటివాళ్ళలో ఒక జన్యువు లోపం వల్ల అది పుట్టుకతోనే మితిమీరి ఊరుతోందనీ చెప్పింది. రక్తపోటు లోలోపలే పెరిగి గుండెను నమిలేస్తుందట. పిల్లల్లో ఎవరికైనా రావచ్చునట.

“మగవాళ్ళ జబ్బుకు నా నెత్తురెందుకండీ?” అంది అక్క. సూది చూడగానే ఆమె కళ్ళు తిరిగాయి. తేరుకున్నాక, “ఏం తేలినా వీడికే చెప్పండి. మా నాన్న పేరు వినే సగం పోయాడు. నేనైతే పూర్తిగానే పోతాను,” అంది.

ఫలితం తెలుసుకోవడానికి తమ్ముడొక్కడే వెళ్ళాడు. తిరిగొచ్చి మెట్ల మీదే కూలబడ్డాడు.

“నాకొచ్చిందక్కా. నువ్వు బతికిపోయావు.”

ఆమె ఆనాడు తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చింది. తన చెర ఆనాడే మొదలైందని మాత్రం ఆమెకు తరువాత గానీ తెలియలేదు.

ముందుగా వంటింట్లో నుంచి ఉప్పు మాయమైంది. “నువ్వు కమ్మగా తింటుంటే నా నాలుక ఊరుకుంటుందా?” అన్నాడు. అతను మాత్ర మింగాలంటే ఆమె కూడా ఒకటి మింగాలి. “నీది బలానికి. తోడుంటేనే నాకు గొంతు దిగుతుంది,” అన్నాడు. నడకకు ఒంటరిగా వెళ్ళడు. దారిలో పడిపోతే దిక్కెవరట! మేడ మెట్లెక్కేటప్పుడు మలుపు మలుపుకూ ఆయాసమంటూ ఆగుతాడు. ఇంతా చేసి, ఆమె కుట్టుశాల నుంచి తెచ్చుకునే గుడ్డల మూటలను చేతిలోంచి లాక్కుని తానే మోస్తాడు.

“గుండె జబ్బు మనిషివి, నీకెందుకురా ఈ బరువులు?”

“వ్యాయామం చెయ్యమన్నారు.”

ఊరికి జాలి అతని మీద, చాకిరీ ఆమె మీద. కక్కలేక మింగలేక ఆమె రోజులు గడిచాయి. ఇల్లు, కుట్టుశాల, మళ్ళీ ఇల్లు. కిటికీ దగ్గర నిలబడినా, “అక్కా, ఎండ తగులుతోంది, లోపలికి రా,” అన్న పిలుపు వెంటపడేది.

ఇంతలో యజమాని సముద్రపుటొడ్డు పట్నంలో కొత్త కుట్టుశాల తెరుస్తూ, కత్తిరింపు విభాగానికంతటికీ ఆమెను పెద్దగా ఉండమన్నాడు. ఆ మాట వినగానే తలుపు తెరిచినంత గాలి ఆడింది ఆమెకు.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఆ సంగతి చెప్పగానే తమ్ముడి చేతిలో ముద్ద ఆగిపోయింది.

“వెళ్ళకక్కా.”

“ఎందుకు వెళ్ళకూడదో ఒక్క కారణం చెప్పు.”

“నన్నెవరు చూస్తారు?”

“అదే! నీ జబ్బు నీకు గుండెలో ఉంది, నాకు మెడకు చుట్టుకుంది. నీకు గుక్క తిరగకపోతే మందుంది. నాకేముందిరా?”

“కొన్నాళ్ళు ఆగు. నాన్న పోయిన వయసు దాటనీ.”

“ఆ వయసు నాకొచ్చింది గానీ నీకెక్కడరా! నీ లెక్కన నేను ముసలిదాన్నయ్యేదాకా ఈ చప్పిడి కూడే తినాలన్నమాట.”

 అతను ఎన్నడూ లేనిది, చిన్నపిల్లవాడిలా ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. “పోనీ, నేనూ వస్తాను. నన్ను వెంట తీసుకుపో.”

“అక్కడికీ వస్తావా!” అంటూ ఆమె చేతులు విడిపించుకుంది. తమ్ముణ్ణి అసహ్యించుకోవడం తనకు చేతనవునని ఆమెకు మొదటిసారి తెలిసింది.

మరునాడు ఉదయం ఆసుపత్రికి వెళ్ళింది. తన కాపలా ఇంకెవరికైనా అప్పగించనిదే ఆమెకు కాళ్ళు కదలవు; పెంపకం అలాంటిది.

“ఊరు వెళ్ళిపోతున్నానండీ,” అంది, కుర్చీ అంచున కూర్చుని. “మా తమ్ముణ్ణి ఇకపై మీరే కనిపెట్టుకోవాలి. వాడికి తోడు లేనిదే మాత్ర గొంతు దిగదు. ఉప్పు మానలేడు. మీరు కాస్త భయపెడితే వింటాడు. నా వల్ల ఇక కాదు. నాకూ ఊపిరాడాలి కదండీ.”

డాక్టరమ్మ రాస్తున్న కలం పక్కన పెట్టింది.  లేచి, గది తలుపు దగ్గరగా వేసి వచ్చి, పక్కనే కూర్చుంది.

“మీకు చెప్పేశానన్నాడే అతను,” అంది మెల్లగా.

“ఏమనండీ?”

“జబ్బు అతనిది కాదమ్మా, మీది.”