కింద పెట్టిన గహ్వా

"మీ ఇద్దరికీ దండం పెడతాను. ఎవరిదో ఒకరి పేరు చెప్పండి," అన్నాడు అమర్నాథ్.

దుబాసీ ఫక్రుద్దీన్ ఆ మాటను అరబిక్‌లో చెప్పాడు. దండం మాత్రం వదిలేశాడు.

సౌదీలోని తాయిఫ్ కొండల్లో, షేక్ మిస్ఫర్ ఇంట్లో అతిథులు కూర్చునే మజ్లిస్ అది. ఒకవైపు తరాలుగా మేత అడవిని కాచుకొస్తున్న కొండవాళ్ళు. ఎదురుగా షేక్ అవద్, ఆయన వెంట సముద్రపు ఒడ్డున మడ అడవిని కాచే జాలర్లు. పైన గడ్డి పోతే వరద మట్టి దిగి కింద మడ అడవిని కప్పేస్తుంది. అందుకని రెండు తెగలకూ కలిపి ఒక కూటమి పెట్టారు. నిబంధనలు రాసింది తను పనిచేసే కంపెనీ తరఫున అమర్నాథే. కూటమి కుదిరింది, అధ్యక్షుడే కుదరలేదు.

"పడవ ఉన్నవాడు మాకొద్దు," అన్నాడు మిస్ఫర్.

"మేకలున్నవాడు మాకొద్దు," అన్నాడు అవద్.

నెలల తరబడి ఇదే పాట. అమర్నాథ్‌కి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కాకినాడలో భార్య ఉజ్వలకి నెలలు నిండాయి. అధ్యక్షుడు తేలేదాకా ఇంటికెళ్ళొచ్చే ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా మాటెత్తొద్దని మేనేజరు తెగేసి చెప్పాడు. "మీరు కొండకీ సముద్రానికీ పెళ్ళి చేసేలోగా మన బిడ్డ బడికెళ్తుంది," అంది ఉజ్వల పొద్దున ఫోన్లో. నవ్వుతూనే అంది గానీ, వెంటనే ఫోన్ పెట్టేసింది.

"అన్నీ రాశాను కదండీ! తెగ చూడకూడదని రాశాను. షేకులిద్దరూ ఒప్పుకుంటే చాలని రాశాను. ఎండలు ముదరగానే కైరో చెక్కేయకుండా, మొదటి ఏడాది అధ్యక్షుడు దేశం దాటకూడదని కూడా రాశాను. ఇంకేం కావాలి మీకు?"

ఎవరో చిన్న కప్పులో గహ్వా, అదే అరబ్బుల కాఫీ, పోసిచ్చారు. రోజూ ఆ చేదును గుటుక్కున మింగేవాడు. ఇవాళ ఒళ్ళు మండి, కప్పును ముట్టకుండా తివాచీ మీద టక్కున పెట్టేశాడు.

మజ్లిస్‌లో అందరూ ఆ కప్పు వైపే తిరిగారు.

"గిదేం పనన్నా?" గొణిగాడు ఫక్రుద్దీన్. "గీళ్ళ కాడ కప్పు కింద పెట్టినవంటే ఏదో అడగనీకె వచ్చినట్టు. ఇంటాయన 'తాగు' అనేదాంక ముట్టొద్దు. తాగినవంటే ఖాయమైనట్టే. మల్ల వాళ్ళకు లేదు, నీకు లేదు మాట మార్చుడు."

"అంతకన్నా కావాల్సిందేముంది!"

మిస్ఫర్ ముందుకు వంగాడు. "ఏం కావాలి నాయనా?"

"అధ్యక్షుడు కావాలి. ఇవాళే, ఇక్కడే. ఎవరైనా సరే, నాకే అభ్యంతరమూ లేదు!"

షేకులిద్దరూ లేచి ఓ మూలకి వెళ్ళారు. గుసగుసలాడుకున్నారు. అవద్ పకపకా నవ్వాడు. మిస్ఫర్ ఆయన భుజం చరిచాడు. ఆ ఇద్దరూ కలిసి నవ్వడం అమర్నాథ్ ఇన్నాళ్ళలో చూడలేదు. ప్రాణం లేచొచ్చింది.

"దొరికాడు," అన్నాడు మిస్ఫర్ తిరిగొచ్చి. "తాగు."

అమర్నాథ్ ఆఖరి చుక్కదాకా తాగాడు. ఇవాళ చేదే తెలియలేదు. వెంటనే ఉజ్వలకి మెసేజ్ పెట్టాడు: వచ్చేస్తున్నా.

"పేరు చెప్పమను ఫక్రుద్దీన్, మేనేజరుకి పంపాలి."

షేక్ మిస్ఫర్ ఏదో చెప్పాడు. జాలర్లూ కొండవాళ్ళూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఫక్రుద్దీన్ మాత్రం తల దించుకుని ఖాళీ కప్పునే చూస్తున్నాడు.

"ఎవరయ్యా?"

"మేకల్లేవు, పడవ లేదు..." అని నసిగాడు ఫక్రుద్దీన్.

"అబ్బ, పేరు చెప్పవయ్యా!"

"నువ్వేనంటన్నా."