లేనిదాన్ని అడిగితే

కోడలు నవ్వింది.

నాగరత్న చేతిలో చేట ఆగిపోయింది.

నవ్వే ఇల్లా ఇది? మొగుడూ పెళ్లాలు మొన్నటి నుంచి ఎడమొహం పెడమొహం. కొడుకు ప్రజ్వల్ పైగదిలో తన లాప్‌టాప్‌తో తలుపేసుకున్నాడు. కోడలు ధన్య కింద నడవలో లాప్‌టాప్ పెట్టుకుంది. తన చెల్లెలి గృహప్రవేశానికి వస్తావా అని ఆమె అడిగితే అతను ఊ అనలేదు, ఊహూ అనలేదు. అంతే. ధన్య సంచీ సర్దేసింది. సాయంత్రం చిత్తూరు బస్సుకు ఒంటరిగా పోతానంది. మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేదు.

అలాంటి పిల్ల లాప్‌టాప్‌ను చూసి నవ్వుతోంది!

"ఎవరమ్మా అది?"

"రివ్యూయర్, అత్తమ్మా. నేను రాసినదాంట్లో తప్పులు వెతికే ఆయన."

"తప్పులు వెతికితే నవ్వొస్తాదా?"

"ఈయన వెతికితే వస్తాది."

నాగరత్న కోడలి వైపు పరకాయించి చూసింది. ముళబాగిలు బజారులో పెళ్లైన నాటి నుంచి కిరాణా అంగడి నడుపుతున్న మనిషి ఆమె. వచ్చినవాడు కొనేవాడో, ఊరికే బేరమాడి పోయేవాడో గడపలోనే పసిగడుతుంది. కోడలి మొహం చూస్తే ఇది ఊరికే పోయే బేరంలా లేదు.

చేట పట్టుకునే వచ్చి ఆమె పక్కన చతికిలబడింది.

"ఏం రాసినావో నాకూ చెప్పు."

"కంప్యూటర్ ప్రోగ్రాములో మ్యాప్ అంటారు. పేరు చెప్తే దానికి తగిన సరుకు తీసిచ్చే ఏర్పాటు. మన అంగట్లో డబ్బాల మాదిరి. డబ్బా మీది పేరు కీ, లోపలి సరుకు వాల్యూ."

"డబ్బాలు సర్దేదానికి ఇంత చదువా?"

"ఏ అంగడికైనా పనికొచ్చేటట్లు రాయాల కదా అత్తమ్మా! మన కిరాణాకూ అదే, కేజీఎఫ్‌లో నగల అంగడికీ అదే. దాన్నే జెనరిక్ అంటారు. ఈ అరలో ధాన్యమే అని ముందే చెప్పుకుంటే చాలు. ఎవరైనా కిరసనాయిలు పెట్టబోతే, రాసింది సరిచూసే కంపైలర్ అంగడి తెరవకముందే అరుస్తాది."

"మంచి గుమాస్తానే. మరి ఆయనకేం నొప్పి?"

"లేని సరుకు అడిగితే ఏం చేయాల అని. నోరు మెదపకుండా ఖాళీ చెయ్యి చూపిస్తే చాలంటాడాయన. లేదని చెప్పాల అంటాను నేను. ఖాళీ చెయ్యి చూపిస్తే, అసలు డబ్బానే లేదా, డబ్బా ఉండి అందులో ఏమీ లేదా, అడిగినోళ్లకు ఎట్ల తెలిసేది?"

నాగరత్నకు ఒళ్లు మండింది.

"లేకుంటే లేదనాల! నోరు మూసుకోనుంటే గిరాకీ నిలబడతాదా? ఎవరు కన్న బిడ్డో గాని, బుద్ధి చెప్పకుండా పెంచినారు!"

ధన్య పెదవి కొరుక్కుంది.

"ఇదే రాసేదా అత్తమ్మా?"

"రాయి. నేనన్నానని రాయి."

ధన్య టకటకా కొట్టింది. పైగదిలో కుర్చీ కిర్రుమంది. పాపం, ఒంటరిగా ఎంత కుములుతున్నాడో అనుకుంది నాగరత్న.

బదులు వచ్చింది. ధన్య చదివి వినిపించింది.

"పెద్దావిడ చెప్పినాక ఎదురు లేదు. అడిగినవాళ్లకు బదులు చెప్పకపోవడం తప్పే. ఒప్పుకుంటున్నాను."

చదువుతుండగానే ఆమె చున్నీతో కళ్లొత్తుకుంది. నాగరత్న అది చూడనే చూసింది. డబ్బాల గొడవకు ఎవరైనా ఏడుస్తారా?

అంతలో ఇంకో మాట వచ్చి పడింది. ఈసారి ధన్య చదివి వినిపించలేదు. చెంపలు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఏమంటాడు?"

"సాయంత్రం బస్సుకు తనూ వస్తాడంట, అత్తమ్మా."

నాగరత్న దిగ్గున లేచింది. ఒళ్లో చేట బోర్లపడి రాగులు నడవంతా పారాయి.

"ఇంట్లో మొగుణ్ని పెట్టుకోని, ఎవడో రివ్యూయరుతో బస్సెక్కుతావా? అదీ నా మొహానే చెప్తావా?"

"మీరే కదత్తమ్మా ఆయన్ను దోవకు తెచ్చింది!"

పైగా ఆ నవ్వొకటి. ఇంక ఆగలేదు నాగరత్న. రాగుల మీద జారుతూ మెట్ల దగ్గరికి పరుగెత్తింది.

"అప్పా ప్రజ్వల్! నీ సంసారం బస్సెక్కి పోతా ఉండాది, దిగి రాప్పా! ఆ రివ్యూయర్ ఎవడో, యాడుంటాడో నువ్వే అడుగు!"

పైగది తలుపు తెరుచుకుంది.

భుజానికి సంచీ తగిలించుకుని, రివ్యూయర్ మెట్లు దిగి వచ్చాడు.