మడిచి చూసిన స్థలం

"ఇంకోసారి లెక్క చూడండి," అంది చెల్లెలు. అలా అడగడం అది మూడోసారి.

సర్వేయరు పెన్ను పక్కన పెట్టాడు. "ఎన్నిసార్లు చూసినా ఇంతేనమ్మా. రెండు ముక్కలూ సమానమే."

ఆమె కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతోంది. పక్క కుర్చీలో అక్క ఉంది, కానీ ఇద్దరికీ మాటల్లేవు. ఎదురెదురు అంచులు సమానంగా ఉండి ఒక పక్కకు ఒరిగినట్టున్న స్థలానికి మూల నుంచి మూలకు గీత గీసి, నాన్న చెరో ముక్కా రాసిచ్చి పోయి పదకొండేళ్ళయింది. అక్కకే ఎక్కువ రాశాడని అప్పటి నుంచీ చెల్లెలి మనసులో ముల్లు.

"సమానమైతే మరి ఇదేమిటి?" ప్లాను కాగితం తీసి గీత వెంట మడిచింది. ఒక సగం మూల ఇటూ, రెండో సగం మూల అటూ బయటికి పొడుచుకొచ్చాయి. "ఎక్కడైనా కలిసిందా?"

"ఈ ఆకారం మడిస్తే కలవదమ్మా. తిప్పి చూడాలి."

సర్వేయరు గీత వెంబడి కాగితాన్ని కత్తిరించాడు. ఒక ముక్కను బల్లమీదే అరచుట్టు తిప్పి రెండోదాని మీదికి జరిపాడు. అంచుకు అంచు, మూలకు మూల అతికినట్టు సరిపోయాయి.

చెల్లెలు అంచుల చుట్టూ గోరుతో తడిమి చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు. నాన్నను ఎన్నేసి మాటలందో గుర్తొచ్చి తల వాలిపోయింది. అక్క ముఖం ఎలా చూడాలో తెలియలేదు.

అక్క కళ్ళు మాత్రం ఆ ముక్కల మీదే ఉన్నాయి.

"నేనూ మడిచే చూశానే," అంది చివరికి. "నీకే ఎక్కువిచ్చాడనుకున్నాను."