సంగప్ప అడిగిన కంచె

"సమస్య ఏందని మమ్ముల అడుగుతవేంది పిల్లా? కంచె లేదు. గదే సమస్య. రాసుకో," అన్నాడు ఊరి పటేలు సంగప్ప కుర్చీలో వెనక్కి వాలి.

కంగ్టి పక్కన ఆ ఊరికి రైతుల కోసం కొత్త పద్ధతులేవో తెస్తామంటూ ఒక సంస్థ శివానిని పంపింది. పని మొదలుపెట్టే ముందు అసలు సమస్యేమిటో రైతులే తేల్చుకోవాలని ఆ పిల్ల పట్టు. సంగప్పకు నవ్వొచ్చింది. అడవి పందులు జొన్నచేలను నాశనం చేస్తున్నాయని పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. సోలార్ కంచె వేసి పోక, చాపలు పరిచి, చాయ్ పోసి, కొండను తవ్వి ఎలుకను పట్టడం దేనికి?

"కంచె లేకపోవుడు సమస్య కాదు కాకా. గది మీకు తోచిన మందు. ముందుగాల రోగమేందో చూద్దాం," అంది శివాని.

పందులు ఎటునుంచి వస్తున్నాయని అడిగింది. వాగు ఒడ్డున చేనున్న సిద్దమ్మ అటువైపు చెయ్యి చూపబోయి, సంగప్పను చూసి దించేసింది. పోయినేడు ఆమె చేనులో గింజ మిగల్లేదు. ఈసారీ అంతే అయితే పట్నానికి కూలికి పోవలసిందే. అయినా నోరు విప్పదు. తన పెద్దరికానికి జంకిందనుకుని, ఇలాంటి మొద్దులున్న ఊరు బాగుపడదని సంగప్ప పెదవి విరిచాడు.

శివాని అందరినీ వాగు దాకా రమ్మంది.

"నాకు ఫుర్సత్ ఏడిది? పట్నం పోయెటోళ్లు బతిమాలితె కొన్న భూములే నాలుగు దిక్కుల ఉన్నయ్. వాటినే పోయి చూస్తలేను," అంటూనే, ఆ పిల్ల తెల్లమొహం వేస్తుంటే చూడాలని బండి తీశాడు.

వాగు అవతల ఏళ్లుగా నాగలి ఎరగని పడావు భూమి. మనిషి దూరలేనంతగా ముళ్లతుమ్మ అల్లుకుపోయింది. కిందంతా పందులు పొర్లిన గుంటలు. వాటి అడుగుల గుర్తులు వాగు దాటి తిన్నగా సిద్దమ్మ చేనులోకే పోయాయి. కంచె వేస్తే పందులు పక్క చేను మీద పడతాయని, ఈ పొదలు కొట్టేస్తే వాటికి ఉండే చోటే పోతుందని శివాని చెప్పింది. రైతులు తలలూపారు.

సంగప్పకు ఇక్కడా తన మాటే పైన ఉండాలి. కంచె సంగతి అప్పుడే మరిచిపోయాడు.

"ఎవనిది గీ పడావు? ఊరి నోట్ల మన్ను గొడ్తుండు గదా. గసొంటోన్ని పంచాయితిల నిలవెట్టాలె. పొదలన్ని వానితోనే కొట్టియ్యాలె. ఏం బీరప్పా, కాదంటవా?"

సిద్దమ్మకు పక్క చేను రైతు బీరప్ప నేలచూపులు చూశాడు.

"పేరు చెప్పనీకి గంత భయమేంది? సిద్దమ్మా, నువ్వన్న చెప్పు."

సిద్దమ్మ కొంగు నడుముకు దోపుకుంది.

"నీదే, పటేలా."