తడి చొక్కాలు

పసిపిల్లలకి ఫుట్‌బాల్ నేర్పమని పిలిపిస్తే, ఆ దామ్యన్ మైదానాన్ని చాకిరేవు చేశాడు.

ఇందులో రాదోయేకి రెండో మాట లేదు.

భార్య మిలుంకా పోయాక అతనికి మిగిలింది ఆ మైదానమే. గడ్డి కోసేదీ, సున్నంతో గీతలు గీసేదీ అతనే. ఇప్పుడు ఆ గీతల మీదే రెండు గుంజలు, మధ్యన తాడు, తాడు నిండా నీళ్ళోడే పాత చొక్కాలు. ఆరేడేళ్ళ పిల్లలు తలో బంతీ తన్నుకుంటూ చొక్కాల మధ్య దూరి కేరింతలు కొడుతున్నారు.

"ఏమయ్యా, బట్టలు పిండటం కూడా రాదా?"

"తడిగానే ఉండాలి బాబాయ్," అన్నాడు దామ్యన్. "నేల చూపులు చూస్తూ పరిగెడితే చొక్కా మొహాన చెళ్ళున తగులుతుంది. తల దానంతటదే లేస్తుంది."

"మా కాలంలో మైదానం చుట్టూ పరిగెత్తించేవాళ్ళు. చేతకానివాడు ఇంటికి పోయేవాడు."

"పాపం, చాలామందే పోయుంటారు."

రాదోయేకి ఒళ్ళు మండింది.

దామ్యన్ గోల్ వెనక ఖాళీ జాగా వైపు చూశాడు. "ఇప్పుడు జట్టు చొక్కాలు ఎవరు ఉతుకుతున్నారు?"

"మిషను. నీకెందుకు?"

వాడు తిరిగి పిల్లల దగ్గరికి వెళ్ళాడు.

ఆ సాయంత్రం రాదోయే క్లబ్బు పెద్ద బుదిమిర్ ముందు రాకియా సారా గ్లాసు బోర్లించాడు.

"వాడన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. వాడే కావాలంటే గడ్డి నువ్వు కోసుకో."

"పిల్లలకి వాడంటే ప్రాణంరా."

"పిల్లలకి బురదన్నా ప్రాణమే."

బుదిమిర్ నిట్టూర్చాడు. ఆ ఊళ్ళో గడ్డి కోసేవాడు ఇంకొకడు లేడు.

మర్నాడు పొద్దున్న దామ్యన్ బస్సెక్కి పోయాడు. గొడవ పెట్టుకోలేదు. ఎక్కడికి పోతున్నాడో ఎవరికీ చెప్పలేదు. తాడూ చొక్కాలూ మాత్రం పిల్లల కోసం వదిలేశాడు.

రాదోయే కత్తి తీసుకుని తాడు దగ్గరికి వెళ్ళాడు.

పక్కింటి పిల్ల యాగోడా పరిగెత్తుకొచ్చి గుంజని కావలించుకుంది.

"తెంపకు తాతా! చొక్కా కింద పడితే నువ్వే ఉతకాలి, మోచేతులు నురగలో మునిగేదాకా!"

కత్తి ఆగింది. బురద బూట్లతో గడప తొక్కినప్పుడల్లా అతని ఇంట్లో వినబడిన మాట అది.

"ఎవరు చెప్పారే నీకు?"

"కోచ్ సారు. సారుకి చిన్నప్పుడు ఒక పెద్దమ్మ చెప్పిందట."

"ఎక్కడి పెద్దమ్మ?"

"మన ఊరే! యుద్ధమప్పుడు సారూ వాళ్ళమ్మా మన బళ్ళో తలదాచుకున్నారట. సారుని ఎవరూ ఆటకి రానిచ్చేవారు కాదట. ఆ పెద్దమ్మ గోల్ వెనక చొక్కాలు ఆరేసి, 'వీటి మధ్యలోంచి తీసుకురా చూద్దాం బంతిని' అనేదట. తగిలితే సబ్బు చేతికిచ్చేదట." యాగోడా కిలకిలా నవ్వింది. "ఆవిడ కోసమే సారు ఇక్కడికి వచ్చాడట తాతా. వచ్చాక తెలిసిందట, చచ్చిపోయిందని."

ఆ రోజుల్లో రాదోయే జర్మనీలో ఇటుక పనిలో ఉన్నాడు. ఒకసారి ఫోన్లో మిలుంకా గొంతు కొత్తగా వినిపించింది.

"నా బట్టల మధ్య ఒక కుర్రాడు బంతి ఆడుతున్నాడు. మనకి పిల్లలు లేరన్న సంగతే గుర్తు రావట్లేదు."

"తరిమెయ్," అన్నాడు రాదోయే.

ఆమె తరమలేదు.

మధ్యాహ్నం బుదిమిర్ వచ్చాడు. తాడు అలాగే ఉంది. ముళ్ళు కొత్తగా బిగించి ఉన్నాయి. రాదోయే బకెట్లో ముంచి తీసిన చొక్కాలని పిండకుండా ఆరేస్తున్నాడు.

"ఇదేంట్రా? ఇంకా తెంపెయ్యలేదా?"

"ఈ తాడు సంగతి నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు."

బుదిమిర్ ఎత్తలేదు. చచ్చేదాకా రాదోయే కూడా ఎత్తలేదు.