మే నెలలో ఉన్ని రగ్గు

ఈ భూమ్మీద నాకు అక్కర్లేని సరుకు అంటగట్టగలవాడు ఇంకా పుట్టలేదు. ఎండలకు పేరుమోసిన మా రెంటచింతలలో ఇప్పుడు ఫ్యాను కూడా ఏదో ఒక సబ్బు గొప్ప చెప్పందే తిరగదు. బియ్యం డబ్బా మూత తీస్తే నూనె కొనమంటుంది. అన్నిటినీ "పోవే" అని కసిరి నా పని నేను చూసుకుంటాను.

ఈ వస్తువులకు మాటలు నేర్పే ఆన్‌లైన్ మార్కెటింగ్ కంపెనీలో ఉద్యోగం కోసం మా మనవరాలు మేఘమాల ఏడాదిగా కష్టపడింది. ఇంటర్వ్యూ మా వసారాలోనే, చేసేది మా ఫ్యానే.

"ఇది మే నెల. మీ తాతగారికి ఉన్ని రగ్గు అమ్మండి," అంది ఫ్యాను.

పిల్ల గొంతు సవరించుకుంది. చున్నీ కొసతో రెండుసార్లు నుదురు తుడుచుకుంది. చూస్తూ ఆగలేకపోయాను.

"రెండివ్వమ్మా!" అన్నాను.

"అభ్యర్థి మాట్లాడకముందే సరుకు అమ్ముడైంది. ఎంపిక చేయలేం," అని ఫ్యాను మళ్లీ సబ్బు మాటల్లో పడింది.

మేఘమాల తల పట్టుకుంది. "లోకమంతటికీ వద్దంటావు కదా తాతయ్యా! నాకూ ఒక్కసారి వద్దంటే నీ సొమ్మేం పోయేది?"

"నీకు వద్దని ఏనాడు చెప్పానే? నాకు అలవాటు లేదు."

ఏడుపు మొహంతోనే ఫక్కున నవ్వింది.

సాయంత్రానికి రగ్గులు ఎగిరొచ్చాయి. అప్పట్నుంచీ ఒకటి కప్పుకుని వీధరుగు మీద కూర్చుంటున్నాను. ఎవరైనా అడిగితే, "మా మనవరాలు నోరు విప్పకుండానే అమ్మింది. విప్పితే ఊరంతా కప్పుకునేది," అంటున్నాను. నిన్న ఎదురింటి బసవయ్య రెండో రగ్గు తనకిమ్మని బతిమాలాడు.

అదొక్కటే నేను కల్పించింది. బసవయ్య అడిగింది రగ్గు కాదు, నాకు ఒంట్లో ఎలా ఉందని.