మార్చని నీళ్లు

ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరుతూ అక్క తన ఆక్సలాటల్‌ను తమ్ముడికి అప్పగించింది. బల్లిలాంటి ఆ తెల్లటి జీవి నీళ్లలోనే బతుకుతుంది. దాని మెడకు రెండు పక్కలా ఈకల్లాంటి మొప్పలు ఊగుతుంటాయి.

"నీళ్లు చల్లగా ఉండాలిరా. రెండు రోజులకోసారి కొన్ని తీసేసి కొత్తవి పొయ్యి. క్లోరిన్ పోగొట్టే మందు మర్చిపోకు," అని మరీ మరీ చెప్పింది.

దర్జీ పనిలో పడి తమ్ముడు పదకొండు రోజులు తొట్టి వైపే చూడలేదు. ఫోన్లో మాత్రం, "మారుస్తూనే ఉన్నానక్కా," అనేవాడు.

పదకొండో రోజు రాత్రి లైటు వేసి చూస్తే నీళ్లు గోరువెచ్చగా ఉండి కంపు కొడుతున్నాయి. మొప్పల మీద దూదిలా బూజు పట్టింది. తోక కొస వంకర తిరిగింది. రెప్పల్లేని ఆ కళ్ల ముందు అతను నిలబడలేకపోయాడు. పొద్దున్నే చూద్దామని లైటు ఆర్పి పడుకున్నాడు.

నీళ్లు వంపుతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. ఇంట్లో తనొక్కడే. తలుపు గడియ వేసినట్టే ఉంది. తొట్టిలో నీళ్లు మాత్రం తేటగా, వేలు పెడితే జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి.

నిజం చెప్పేద్దామని అక్కకు ఫోన్ చేశాడు. నర్సు ఎత్తింది.

"నిన్న ఆపరేషన్ అయినప్పట్నుంచీ మత్తులోనే ఉన్నారండీ. కానీ ఏంటో, ఎన్నిసార్లు తుడిచినా చేతులు తడిగానే ఉంటున్నాయి. మంచుముక్కల్లా ఉన్నాయి. ఉండండి, ఏదో అంటున్నారు... 'మా తమ్ముడే మార్చాడు' అంటున్నారు. ఆ తమ్ముడు మీరేనా?"

అతను పొడిగా ఉన్న తన అరచేతి వైపు చూసుకున్నాడు.